కుడి ముంజేతి మీద గుర్తు

మా మామగారు ఓడెక్కి వెళ్ళిపోయిన నాటికి మా ఆవిడకి నాలుగేళ్ళు. మా బావమరిది ఇంకా అత్తగారి కడుపులోనే ఉన్నాడు. వెళ్ళినాయన మళ్ళీ రాలేదు. ఉత్తరం ముక్క రాలేదు. ఆయన వెళ్ళడం మాత్రం ఏటేటా గొప్పదవుతూ వచ్చింది.

నా పెళ్ళినాటికి ఆయన ఓడలో గుమాస్తాగా వెళ్ళాడు. మా పెద్దవాడు పుట్టేసరికి హెడ్ గుమాస్తా అయ్యాడు. మా బావమరిదికి బట్టల కొట్టు నిలదొక్కుకున్నాక, సొంత సరుకుతో, మూడు ట్రంకు పెట్టెలతో, మొదటి తరగతిలో వెళ్ళాడు. కనబడకుండా పోయిన మనిషికి ఇన్ని ప్రమోషన్లు వస్తాయని నాకు తెలియదు.

నేను ఎక్కువ మాట్లాడను. యాభై ఏళ్ళు పుస్తకాల బైండింగ్ చేశాను. ఆ పనిలో నోటి అవసరం దారం కొరకడానికే.

మా ఆవిడది మొదటినుంచీ ఒకటే మాట.

“నాన్న వెళ్ళేరోజు నేను ఆయన చెయ్యి కరిచాను. వెళ్ళొద్దని కరిచాను. నోట్లో ఉప్పగా తగిలింది.”

అత్తగారు బతికున్నన్నాళ్ళూ ఆ మాట కొట్టిపారేసింది. “నువ్వు నిద్రలో ఉన్నావే. లేపితే ఏడుస్తావని నీ మొహమైనా చూడకుండా వెళ్ళిపోయారు” అనేది. తల్లి పోయాక ఆ పని తమ్ముడు అందుకున్నాడు. “నాలుగేళ్ళ పిల్లకి ఏం గుర్తుంటుందక్కా? కలగని ఉంటావు” అనేవాడు. అప్పటికి తను పుట్టనైనా లేదన్న సంగతి అతనికి అడ్డు రాలేదు.

ఆవిడకిప్పుడు ఎనభై. నాన్న తన మొహం చూసి వెళ్ళాడా, చూడకుండా వెళ్ళాడా, అదొక్కటీ తేలితే చాలు ఆవిడకి. ఓడ తరగతి ఆవిడకి అక్కర్లేదు.

కొట్టు పెట్టి యాభై ఏళ్ళయిందని మా బావమరిది నాన్న పటం కట్టించి కొట్టులో పెట్టాలనుకున్నాడు. ఆయన ఫొటో ఒక్కటీ లేదు. పటం కింద రాయడానికి వివరాలైనా దొరుకుతాయని ఒక మనిషిని పిలిపించాడు. పాత ఓడల రికార్డులు వెతికి ఎవరి తాతలు ఎక్కడికి పోయారో చెప్పడం అతని వ్యాపారం. నేను మనసులో అతనికి వంశోద్ధారకుడని పేరు పెట్టుకున్నాను. వచ్చీ రాగానే పటం ఫ్రేముల నమూనాలు చూపించాడు. కంప్యూటరు తర్వాత తెరిచాడు.

“ఆ ఏడు మన రేవులో మీ నాన్నగారి పేరుతో ఇద్దరు ఎక్కారండీ. ఓడ కూడా ఒకటే. ఒకాయన మొదటి తరగతి, వర్తకుడు. రెండో ఆయన రైలు పట్టాలు వేసే కూలీల జట్టులో ఉన్నాడు. ఏది తీసుకుంటారు?”

నీలం గుడ్డ కావాలా ఎరుపు గుడ్డ కావాలా అన్నట్టు అడిగాడు. మా బావమరిది కొట్టు మనిషి. తడుముకోలేదు.

“మొదటాయనే మా నాన్న.”

“ఎలా చెప్పగలవురా?” అంది మా ఆవిడ.

“రక్తం చెబుతుందక్కా.”

“రక్తానికి టికెట్టు తరగతి కూడా తెలుస్తుందా?”

వంశోద్ధారకుడు నవ్వి, ఇద్దరి కాగితాలూ అచ్చుతీసి బల్ల మీద పెట్టాడు. చదవడం వాళ్ళకి వదిలేసి నేను మూలలు చూశాను. పేజీ అంకెలు ముప్ఫై రెండు, ముప్ఫై నాలుగు, ముప్ఫై ఆరు. అన్నీ సరి సంఖ్యలు. కుట్టిన పుస్తకంలో సరి సంఖ్య ఎడమ పక్క వస్తుంది. పాత రిజిస్టర్లలో ఒక వరస ఎడమ పేజీలో మొదలై కుడి పేజీ చివరిదాకా పోతుంది. ఫొటోలు తీసినవాడెవడో పేర్లున్న పక్క తీసి, అక్కడితో ఇంటికి పోయాడు.

“కుడి పేజీలేవి?” అన్నాను.

నేను మాట్లాడానని అందరూ నా వంక చూశారు.

“కుడి పక్క ఏముంటుంది బావగారూ? అంతా చెత్త” అన్నాడు మా బావమరిది.

మర్నాడు పొద్దున్నే మా ఆవిడ చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది. “ఆ చెత్త ఎక్కడుంటుందో తీసుకెళ్ళండి” అంది.

రికార్డుల ఆఫీసుకి నలభై మెట్లు. ప్రతి మలుపులో ఆవిడ ఆగి, నాకే ఆయాసం వచ్చినట్టు నన్ను తిట్టింది. పైన ఇనప బీరువాలు, చెమ్మ వాసన. గుమాస్తా ఒకావిడ కళ్ళజోడు తలమీద పెట్టుకుని కళ్ళజోడు వెతుక్కుంటోంది. మా ఆవిడ వేలు పెట్టి చూపించింది. దాంతో ఇద్దరికీ స్నేహం కుదిరింది.

రిజిస్టరు వచ్చింది. వీపు విరిగి ఉంది. మాకు కావలసిన చోట రెండు పేజీలు అంటుకుపోయి ఉన్నాయి.

“లాగితే చిరుగుతుందండీ. నా ఉద్యోగం పోతుంది” అంది గుమాస్తా.

నా జేబులో మడతలు నొక్కే ఎముక పలక ఎప్పుడూ ఉంటుంది. మూల నుంచి మెల్లగా తోశాను. పావుగంట పట్టింది. పేజీ చిరక్కుండా విడింది.

మొదటి తరగతి వర్తకుడి వరసలో కుడి పక్కంతా ఖాళీ.

“వీళ్ళకి ఏమీ రాసేవాళ్ళు కాదు. పెద్దమనుషుల చొక్కా విప్పి ఎవరు చూస్తారు? కూలీలనైతే డాక్టరు నిలబెట్టి చూసేవాడు. పారిపోతే పట్టుకోవడానికి గుర్తులు రాసుకునేవాళ్ళు” అంది గుమాస్తా.

తర్వాత కూలీల పేజీ తీసి, వేలు జరుపుతూ చదివింది. “ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. ఎడమ చెవి కింద మచ్చ. కుడి ముంజేతి మీద...” ఆగింది. కళ్ళజోడు సర్దుకుంది. “పంటి గాట్లు. చిన్నవి, ఇంకా మానలేదు. కుక్క కాటా అని డాక్టరు అడిగితే, కాదు, కూతురు అన్నాడట.”

మా ఆవిడ కుర్చీ చెయ్యి పట్టుకుంది.

“ఇంకోసారి చదువమ్మా.”

గుమాస్తా మూడుసార్లు చదివింది. తిరిగొచ్చినవాళ్ళ పుస్తకం కూడా తీసి చూసింది. అందులో ఆయన లేడు. మా ఆవిడ ఆ రెండో సంగతి విన్నట్టు లేదు.

“ఉప్పగా తగిలిందని చెప్పానా లేదా?” అని నన్ను దబాయించింది.

“చెప్పావు.”

నకలు తీసుకుని తిన్నగా కొట్టుకి వెళ్ళాం. అక్కడ పటం దాదాపు పూర్తయింది. ఫొటో లేదు కాబట్టి చిత్రకారుడు మా బావమరిదినే కూర్చోబెట్టి, కోటు తొడిగి, జుట్టు నల్లగా వేసి గీశాడు. లోకంలో తండ్రి పోలిక కొడుక్కి వస్తుంది. మా వాళ్ళింట్లో కొడుకు పోలిక తండ్రికి వచ్చింది. వెనకాల మూడు ట్రంకు పెట్టెలు కూడా వేశాడు.

మా బావమరిది నకలు చదివి, కొట్టు గుమాస్తాలకి వినబడకుండా గొంతు తగ్గించాడు.

“ఎల్లుండి ఊరంతా వస్తోందక్కా. కార్డులు పంచేశాను. ఇప్పుడు కూలీ అని ఎలా చెప్పను?”

“కూలీ అయితే నాన్న కాకుండా పోతాడా?”

“అది కాదక్కా...”

“మరేది? అమ్మ పోయినప్పట్నుంచీ నాకు కలగన్నావని చెప్పావు. నువ్వు గీయించింది ఏమిటిరా, కల కాక?”

అతను బల్ల మీద గుడ్డ తాను మడత పెట్టాడు. విప్పాడు. మళ్ళీ మడత పెట్టాడు.

“నీకేం అక్కా. నీకు కరవడానికైనా దొరికాడు” అన్నాడు.

మా ఆవిడ పటం దగ్గరికి వెళ్ళి నిలబడింది.

“సరేలే. కోటు ఉంచుకో. పెట్టెలు మూడు చాలకపోతే ముప్ఫై వేయించుకో. కోటు కుడి చెయ్యి మాత్రం పైకి మడిపించు. గాట్లు వేయించు.”

“కోటు వేసుకున్న పెద్దమనిషి చెయ్యి పైకి మడుస్తాడా?”

“నాన్న మడిచాడు. డాక్టరుకి చూపించాడు.”

ఇద్దరూ నా వంక చూశారు. నేను చిత్రకారుడి వంక చూశాను. అతను కుంచె తడుపుకుని, “ఎన్ని పళ్ళండీ?” అని అడిగాడు.

“పాలపళ్ళు. పైన నాలుగు, కింద నాలుగు” అంది మా ఆవిడ. ఇప్పుడు ఆవిడ నోట్లో ఉన్నవి రెండు.

పటం పెట్టే రోజు కొట్టు నిండిపోయింది. పటం మీద గుడ్డ తీశారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎంత పోలికో అన్నారు. వంశోద్ధారకుడు తలుపు దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళకి తన కార్డులు పంచుతున్నాడు. మా బావమరిది మూడు పెట్టెల కథ రెండుసార్లు చెప్పాడు. మూడోసారి మొదలుపెట్టబోతుంటే బ్యాంకు మేనేజరు కళ్ళు చిన్నవి చేసుకుని పటం దగ్గరికి వంగాడు.

“చేతి మీద అదేమిటండీ, దెబ్బా?”

మా బావమరిది గొంతు సవరించుకున్నాడు. “అది... పులండీ. రేవుకి పోయే దారంతా అప్పట్లో అడవి. పులి మీదికొస్తే నాన్నగారు ఒంటిచేత్తో...”

“పులా? గాట్లు మరీ చిన్నగా ఉన్నాయే!”

“చిన్న పులేనండీ” అంది మా ఆవిడ కుర్చీలోంచి. “నాలుగేళ్ళది.”

మేనేజరుకి అర్థం కాలేదు. మర్యాదకి నవ్వాడు. ఆయన చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. మా బావమరిది ఎర్రబడిపోయి అక్క వంక చూశాడు, పటం వంక చూశాడు. ఇంకో అబద్ధం వెతుక్కుంటున్నాడనుకున్నాను.

“ఆ సంగతి నాకు తెలియదండీ. నేనింకా పుట్టలేదు” అన్నాడు. “మా అక్కని అడగండి. ఆయన వెళ్ళేటప్పుడు ఆవిడ మేలుకునే ఉంది.”