కోటు వెనక ఇంటూ గుర్తు

మారెన్ కుబిచెక్‌కి మొండితనం తల్లి నుంచి వచ్చింది. నెబ్రాస్కా మంచులో ఇరవై ఏళ్లుగా ఒక్కరోజు మానకుండా స్కూలు బస్సు తోలుతున్న మనిషి ఆమె తల్లి. అందుకే యూనివర్సిటీలో బిజినెస్ ఫ్రాటర్నిటీ అనే విద్యార్థి సంఘం వాళ్లు నిరుడు కాదన్నా, ఈ ఆగస్టులో కొత్త సభ్యుల ఎంపిక మొదలైన రోజే వాళ్ల బల్ల ముందు వచ్చి నిలబడింది.

ఆ సంఘం పాత సభ్యులు ఒమాహా నగరంలో కంపెనీల్లో పెద్ద కుర్చీల్లో ఉన్నారు. వేసవి ఉద్యోగాలు వాళ్ల ఫోన్లలోనే తేలిపోతాయి. మారెన్ కోసం ఫోన్ చేసే చుట్టం పక్కం ఎవరూ లేరు. పైగా ఎవరికైనా రెండే అవకాశాలని అక్కడ నియమం. ఇది రెండోది.

బల్ల వెనక డెస్మండ్ కూర్చున్నాడు. నాలుగో సంవత్సరం కుర్రాడు, మంచివాడే.

"మళ్లీ వచ్చావా తల్లీ!"

"వచ్చాను. నిరుడు నన్నెందుకు వద్దన్నారో చెప్పు, ఫారం తీసుకుంటా."

"చెప్పకూడదు. రూలు."

"సరే, రేపొస్తా."

మర్నాడు వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. అదో ఉడుంపట్టు. నాలుగో రోజు డెస్మండ్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"నిరుడు నువ్వు వేసుకొచ్చిన సూటు కోటు వెనక, కింద చీలిక ఉంటుంది చూడు. అక్కడ ఇంటూ గుర్తులా దారం కుట్టి ఉంటుంది. నలక్కుండా దుకాణంలో వేస్తారు. కొన్నాక తీసెయ్యాలి. నువ్వు తియ్యలేదు."

"అంతేనా?"

"ఓటింగప్పుడు ఒకళ్లు, కోటు తొడుక్కోవడమే రానిది నలుగురిలో ఏం నెగ్గుకొస్తుంది అన్నారు. అందరూ నవ్వారు."

"నువ్వూ నవ్వావా?"

డెస్మండ్ బల్ల మీది పెన్నులు సర్దాడు. "నవ్వాను" అన్నాడు.

మారెన్ ఫారం తీసుకుని గదికి వచ్చి, కోటు మంచం మీద బోర్లా పరిచింది. ఇంటూ గుర్తు అక్కడే ఉంది. కోటు కొన్న రోజు సాయంత్రం తల్లి దాన్ని చూసి, "దారం వదులుగా ఉందే, ఊడిపోతే నలుగురిలో పరువు పోతుంది" అంది. వంటింటి బల్ల దగ్గర కూర్చుని, బస్సు సీట్ల చిరుగులు కుట్టే నల్లదారంతో మూడు వరసలు బిగించింది. ఆ కుట్టుతోనే మారెన్ నిరుడు సంఘం వాళ్ల మధ్య మూడు రోజులు తిరిగింది. తర్వాత రెండు ఇంటర్వ్యూలకూ వెళ్లింది. తలుచుకుంటే ఒళ్లు మండిపోయింది. ముందు తన మీద కోపమొచ్చింది, తర్వాత నవ్వినవాళ్ల మీద వచ్చింది. తల్లి మీద మాత్రం రవ్వంత కూడా రాలేదు.

కత్తెర తీసి దారం కింద పెట్టింది. పెట్టి ఆగిపోయింది. కాసేపటికి కత్తెరను కోటు జేబులో వేసి, కోటును కొక్కానికి తగిలించింది.

ఆఖరి ఇంటర్వ్యూ ఆదివారం మధ్యాహ్నం. ఎదురుగా ఐదుగురు కూర్చున్నారు. నడుమ సంఘం అధ్యక్షురాలు స్లోన్ విటేకర్. బ్యాంకరు కూతురు, పుట్టుకతోనే ఇస్త్రీ చేసి పంపినట్టుంటుంది.

"నిరుటికీ ఇప్పటికీ నువ్వు ఎందులో ఎదిగావు?" అని అడిగింది స్లోన్.

మారెన్ లేచి వాళ్లకు వీపు చూపించింది. ఎవరో దగ్గారు.

"నిరుడు దీన్ని నలభై మంది చూశారు, ఒక్కరూ చెప్పలేదు" అంది మారెన్, ఇటు తిరిగి. "ఊడిపోతుందేమోనని మా అమ్మ గట్టిగా కుట్టింది. ఆవిడకి తెలీదు, నాకూ తెలీదు. మీకు తెలుసు. మీలో ఆడపిల్లల్ని కూడా బ్రదర్ అనే పిలుచుకుంటారు కదా? తోడబుట్టినవాడు పక్కకి పిలిచి చెప్తాడు గానీ, వెనక చేరి నవ్వడు. తెలీనిది సిగ్గుపడకుండా అడగడం నేను నేర్చుకున్నాను. తెలిసింది చెప్పడం మీరింకా నేర్చుకోలేదు. నన్ను తీసుకోండి, అది నేర్పిస్తా."

కత్తెర తీసి బల్ల మీద పెట్టింది. చివరి అవకాశం చేతులారా పోగొట్టుకున్నానేమో అనుకుంది.

"మనం ఇంటర్వ్యూ చేస్తున్నామా, చీవాట్లు తింటున్నామా?" అన్నాడు చివర కూర్చున్నవాడు.

స్లోన్ నవ్వలేదు. ఆమె మెడ దాకా ఎర్రబడింది. "కోటు తొడుక్కోవడం రానిది అన్నది నేనే" అంది. కత్తెర తీసుకుని బల్ల చుట్టూ తిరిగి వచ్చింది. "కదలకు."

మొదటిసారి తెగలేదు. రెండోసారీ తెగలేదు.

"మీ అమ్మ దేంతో కుట్టింది దీన్ని?"

"బస్సు సీట్లు కుట్టే దారంతో."

"అబ్బో!" అంది స్లోన్. మూడోసారికి తెగింది.

బుధవారం మారెన్ గది తలుపు దబదబా మోగింది. బయట పాతికమంది, ముందు డెస్మండ్, చేతిలో ఆహ్వానం కవరు. "రెండంటే రెండు ఓట్ల తేడాతో గట్టెక్కావు, బ్రదర్ కుబిచెక్!" అని అరిచాడు. ఆమె ముందుగా తల్లికి ఫోన్ చేసింది.

"కుట్టు నిలిచిందా?" అని అడిగింది తల్లి.

"నిలిచిందమ్మా. దాన్ని ఇక్కడెవరూ మర్చిపోరు."

తర్వాత పది వారాలు కొత్త సభ్యుల చాకిరీ. సంఘంలోని నలభై ముగ్గురినీ విడివిడిగా కలిసి, మాట్లాడి, పుస్తకంలో సంతకాలు పెట్టించుకుంది. ప్రతివాళ్లనూ తనకు తెలియనిది ఒకటి అడిగింది. వసంతానికల్లా కాలరు మీద సంఘం పిన్ను వచ్చింది, ఒమాహాలో వేసవి ఉద్యోగం వచ్చింది. ఆ పైన కొత్తవాళ్లను చేర్చుకునే బాధ్యత కావాలని తనే అడిగి తీసుకుంది.

ఆగస్టు మళ్లీ వచ్చింది. మారెన్ అదే కోటు వేసుకుని, కొత్త సభ్యుల ఎంపిక జరిగే హాలు బయట మెట్ల మీద నిలబడింది.

"నువ్వు లోపల ఉండాలి కదా, గుమ్మం బయట నీకేం పని?" అన్నాడు ఒక సభ్యుడు.

"పనుంది. నువ్వెళ్లు."

లెక్సింగ్టన్ ఊళ్లో మాంసం ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ల కూతురు హోదాన్ అందరికంటే ముందే వచ్చింది. కోటు రెండు సైజులు పెద్దది, నడకలో బెదురు. ఆమె పక్క నుంచి దాటుతుంటే మారెన్‌కి వెనక తెల్లదారం కనిపించింది.

"చెల్లీ, ఒక్క నిమిషం. కోటు వెనక దుకాణం కుట్టు ఉండిపోయింది. తీసెయ్యనా?"

హోదాన్ చెయ్యి గభాల్న వెనక్కి పోయింది. మొహం పాలిపోయింది. "ఎంతమంది చూశారు?"

"నేనొక్కదాన్నే" అంది మారెన్. దారం తీసేసి కత్తెర జేబులో వేసుకుని, ఆమె కోసం తలుపు తీసి పట్టుకుంది.