మూసి ఉంచిన బీడు

తల్లి పోయింది వానాకాలం సగంలో. గొర్రెలకు గిట్టలు మెత్తబడి కుంటే రోజులవి. ఆస్పత్రి మంచం మీద కూడా ఆవిడ అడిగింది మందలో ఎవరెవరు కుంటుతున్నారనే. ఆవిడకి గొర్రెలు ఎప్పుడూ 'ఎవరు'లే, 'ఏవి' కావు. ఇద్దరు ముగ్గురున్నారనీ, వాళ్ళను మందునీళ్ళ తొట్టిలోంచి నడిపించి దొడ్డిలో తడి పీల్చేలా సున్నం చల్లాననీ కూతురు చెప్పింది. తల్లి తలాడించి కళ్ళు మూసుకుంది. తర్వాత ఒకటి రెండుసార్లు కళ్ళు తెరిచింది కానీ మాట్లాడలేదు.

ఆ ఇంట్లో మంద తల్లిదే. తండ్రి లారీ డ్రైవరు. నెలకోసారి చుట్టపుచూపుగా వచ్చి, బట్టలు ఉతికించుకుని, కూతురికి దూరపు ఊళ్ళ కబుర్లు చెప్పి మళ్ళీ బండెక్కేవాడు. ఆయన దొడ్డి దగ్గరికి వెళ్తే గొర్రెలు బెదిరి ఓ మూలకి చేరేవి. కూతురు మాత్రం నడక వచ్చినప్పటినుంచీ తల్లి వెనకాలే తిరిగింది. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే, ముందు వీటి కడుపులో పురుగులకి నట్టల మందు పోయించాలి, తర్వాత చూద్దాం అనేది. ఏడాదికి నాలుగుసార్లు నట్టల మందు పోయించాల్సి వచ్చేది కాబట్టి ఆ తర్వాత అనేది ఎప్పుడూ రాలేదు. ఊళ్ళో అందరూ ఆమెను గొర్రెలమ్మాయి అనేవారు.

భార్య పోయిన నెలకే తండ్రి లారీ తాళాలు యజమానికి ఇచ్చేసి ఇల్లు చేరాడు. ఇక ఎక్కడికీ పోనన్నాడు. పొద్దున్నే లేచి దొడ్డి ఊడ్చేవాడు, నీళ్ళ తొట్టి కడిగేవాడు. అడక్కుండానే చేసేవాడు, అడిగితే ఇంకో రెండు పనులు చేసేవాడు. కొన్నాళ్ళకి గొర్రెలు ఆయన్ను చూసి బెదరడం మానేశాయి. ఆ సంగతి ఆయన కూతురికి చెప్పిన తీరు చూస్తే, పెద్ద ఉద్యోగమేదో వచ్చిందని ఎవరైనా అనుకుంటారు.

వాళ్ళ నేల ఇంటి వెనక వాలులో ఉంది. తల్లి దాన్ని కంచెలు కట్టి నాలుగు ముక్కలు చేసింది. ఒక ముక్కలో గడ్డి పిడికిలి ఎత్తుకు దిగిందంటే మంద పక్క ముక్కలోకి మారాల్సిందే, ఆ రోజు ఇంట్లో ఎంత పనున్నా సరే. వాగు పక్కన ఉన్న నాలుగో ముక్కని వానలు తగ్గుముఖం పట్టగానే మూసేసేది. చూడు గొర్రెలు ఈనడానికి దగ్గరపడేదాకా అందులోకి ఒక్క గిట్ట పడనిచ్చేది కాదు. ఆ మూసిన బీడే రాబోయే పిల్లలకు పాలు.

వానలు వెనకపట్టగానే ఇంకో పని ఉంది. ప్రతి గొర్రె దవడ తెరిచి పళ్ళు చూడాలి. నడుం మీద చెయ్యి వేసి ఎముక ఎంత తగులుతోందో చూడాలి. పొదుగు పిసికి గట్టిపడిందేమో చూడాలి. పళ్ళూడినవీ, రెండు ఈతలుగా వట్టిపోయినవీ ఎండాకాలం రాకముందే మందలోంచి వెళ్ళిపోవాలి. ఉన్న గడ్డి ఉండాల్సినవాటికే సరిపోవాలి. తల్లి ఆ పని చేసిన రోజు అన్నం తినేది కాదు. కానీ ఏ ఏడూ మానలేదు.

ఆ ఏడు ఆ పని కూతురు చేసింది. తండ్రి ఒక్కో గొర్రెను పట్టుకుంటే, ఆమె దవడ తెరిచి చూసి, వెళ్ళాల్సినదాని వీపు మీద నీలం రంగు పూసింది. వాటిని కొనుక్కుపోవడానికి వచ్చిన బేరగాడు తన బండి మడ్‌గార్డు మీద కూర్చుని గడ్డిపరక నములుతున్నాడు. చెవి చినిగిన ముసలి గొర్రె వంతు వచ్చేసరికి దాని నోట్లో ముందు పళ్ళు ఒక్కటీ లేవు.

"ఇంజను బాగానే ఉంది కదమ్మా, టైర్లే కాస్త అరిగాయి" అన్నాడు తండ్రి.

బేరగాడు పొలమారేదాకా నవ్వాడు. కూతురూ నవ్వింది, నవ్వుతూనే నీలం రంగు పూసింది. తీరా బండికి ఎక్కించే వేళకి తండ్రి వెనక తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. చెవి చినిగినది పోదన్నాడు. దాని వెనకదీ పోదన్నాడు. ఇంకా వెనకవాటివైపు చూసి, ఏదీ పోదన్నాడు.

కూతురు ఆయన్ను పక్కకి తీసుకెళ్ళి మెల్లగా చెప్పింది. "నాన్నా, నీ లారీకి ఎంత బరువు పడుతుందో నీకు తెలుసు కదా. నేలకీ అంతే. ఇన్నిటిని మొయ్యలేదు."

"ఈ ఒక్క ఏడాదికి మోస్తుందిలే తల్లీ."

ఆ గొంతు విన్నాక ఆమెకి ఇంకేం అనాలనిపించలేదు. మనిషి పోయి నాలుగు నెలలు కాలేదు, అప్పుడే ఆయనతో లెక్కలేమిటి అనుకుంది. బేరగాడు తలగోక్కుని, మళ్ళీ ఎప్పుడైనా కబురు చెయ్యండి అని ఖాళీ బండితో వెళ్ళిపోయాడు. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం ఆమెకి కూడా గుండె తేలికైంది. నీలం మచ్చల గొర్రెలు మిగతావాటితో కలిసి దొడ్డిలో పడుకుని నెమరేస్తుంటే, అమ్మ ఇంట్లో ఉన్నట్టే అనిపించింది.

ఎండలు ముదిరాక ఆ తేలిక పోయింది. మొదటి ముక్క పిడికిలి ఎత్తుకు దిగి, పక్కకి మార్చేసరికి అదీ దిగింది. మూడోది అంతకన్నా త్వరగా అయిపోయింది. వామిలో ఎండుగడ్డి ఎంత పొదుపుగా వేసినా రోజురోజుకీ కుంచించుకుపోయింది. తండ్రి తన వంతుగా ముసలివాటికి ఓ గుప్పెడు ఎక్కువే వేసేవాడు. ఆమె చూసీ చూడనట్టు ఊరుకునేది.

మూసిన బీడుని ఆమే తెరిచింది. ఈతలకింకా చాలా రోజులుండగానే, ఒక పొద్దున కంచె తలుపు తాడు విప్పి పక్కకి జరిగింది. మంద ఆమెను తోసుకుంటూ లోపలికి పోయింది. కొన్ని వారాల్లోనే అక్కడ గడ్డి మొదళ్ళు కూడా మిగల్లేదు. గాలి వీస్తే వాగు పక్కనుంచి దుమ్ము లేచి ఆరేసిన బట్టల మీద పడేది. ఆ నేలలో దుమ్ము లేవడం ఆమె పుట్టాక చూడలేదు.

ఈతలు మొదలయ్యాయి. ఒక్కో పిల్ల గుప్పెడంతే పుట్టింది. తల్లుల పొదుగుల్లో పాలు లేవు. కొన్ని తల్లులు పిల్లను నాకి, నిలబడే ఓపిక లేక పక్కనే కూలబడ్డాయి. తండ్రి వంటింట్లో పొయ్యి పక్కన అట్టపెట్టెలు పెట్టి, వాటిలో పాత దుప్పట్లు పరిచి, పిల్లలకు సీసాతో పాలు పట్టాడు. లారీ హారన్లు, ఇంజను రొదా తప్ప ఏమీ ఎరగని ఆ మనిషి, పిల్ల చప్పరించే చప్పుడు ఆగకుండా ఉండడం కోసం ఊపిరి బిగబట్టి కూర్చునేవాడు. కొన్ని బతికాయి. చాలా బతకలేదు. చనిపోయినదాన్ని ఒక పట్టాన పెట్టెలోంచి తియ్యనిచ్చేవాడు కాదు.

ఒకరోజు గొయ్యి తవ్వి వచ్చి చేతులు కడుక్కుంటూ అడిగాడు, మీ అమ్మ ఉన్నప్పుడూ ఇలాగే పోయేవా అని. అప్పుడప్పుడు పోయేవి నాన్నా అంది కూతురు. అది అబద్ధమని ఆయనకీ తెలిసినట్టే ఉంది. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ అలాగే నిలబడిపోయాడు.

ఆ ఏడు వాన ముందుగా వచ్చింది. ఒక్క వానకే వాలంతా లేత పచ్చని నూగు పట్టింది. చూడ్డానికి కంటికి పండగే కానీ, గొర్రెలకి దానంత ప్రమాదం ఇంకోటి లేదు. ఖాళీ కడుపుతో ఒక్కసారిగా ఆ లేత గడ్డి మీద పడితే చిటుకు రోగం వస్తుంది. సాయంత్రం చెంగుచెంగున గెంతిన గొర్రె తెల్లారేసరికి కాళ్ళు చాపేసి ఉంటుంది. వానలకి ముందే టీకా వేయించాలి. ఆ ఏడు పశువుల ఆస్పత్రికి మందు ఆలస్యంగా వచ్చింది. వచ్చిందని కబురు అందగానే ఆమె ఐసు పెట్టె పట్టుకుని పట్నం బస్సెక్కింది. వెళ్తూ తండ్రికి చెప్పింది. నేను వచ్చేదాకా మందని దొడ్డిలోనే ఉంచు. మిగిలిన ఎండుగడ్డి వెయ్యి, అది చాలకపోతే పక్కింటి బాబాయి దగ్గర అడిగి తీసుకో. అరిచినా వదలొద్దు.

పట్నంలో మందు అందింది కానీ, వానకి దారిలో వాగు పొంగి తిరుగు బస్సు ఆగిపోయింది. సాయంత్రం ఆస్పత్రి వరండాలో నిలబడి ఇంటికి ఫోన్ చేసింది. తండ్రి గొంతు ఎన్నాళ్ళకో హుషారుగా ఉంది. ఏం కంగారుపడకు, అన్నీ కడుపునిండా తింటున్నాయి అన్నాడు.

"ఏం తింటున్నాయి నాన్నా?"

"గడ్డేనమ్మా. ఎంత ఆబగా తింటున్నాయో చూడాలి నువ్వు."

ఆమె వాటిని ఇప్పుడే దొడ్డిలోకి తోలెయ్యమని చెప్పింది. ఎందుకని ఆయన అడగలేదు. ఫోన్ పెట్టకుండానే పరిగెత్తిన చప్పుడు, ఏయ్ ఏయ్ అని అదిలించిన చప్పుడు ఆమెకి వినిపించాయి. ఆ తర్వాత ఐసు పెట్టె ఒళ్ళో పెట్టుకుని బస్టాండులో కూర్చుంది. పక్కన కూర్చున్నావిడ ఎవరైనా పోయారా అమ్మా అని అడిగింది. ఇంకా తెలీదండీ అంది.

మర్నాడు ఆమె ఇంటి మలుపు తిరిగేసరికే అర్థమైంది. మంద అరుపు లేదు. దొడ్డిలో గొర్రెలు తలలు వెనక్కి వాల్చి, కడుపులుబ్బి పడి ఉన్నాయి. పోయినవన్నీ మందలో బలమైనవే, మంచి ఈడులో ఉన్నవే. పళ్ళున్నవి కాబట్టి గడ్డిని జోరుగా కొరుక్కుతిన్నాయి. పళ్ళు లేని ముసలివి చిగుళ్ళతో నములుతూ నములుతూ ఉండగానే తోలెయ్యడంతో బతికిపోయాయి. నీలం మచ్చలు వెలిసిపోయిన వీపులతో ఓ పక్కకి చేరి చూస్తున్నాయి.

తండ్రి చచ్చిన గొర్రెల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. ఒకదాని మెడ కింద చెయ్యి పెట్టి లేపబోతున్నాడు. ఆమె నోటిదాకా వచ్చింది, చెప్పాను కదా అని. ఆయన తలెత్తి చూసేసరికి ఆ మాట అక్కడే ఆగిపోయింది.

"బాబాయి ఊళ్ళో లేడమ్మా. గడ్డి అయిపోయింది. తెల్లారినప్పటినుంచీ ఏడుస్తూనే ఉన్నాయి. అన్నేళ్ళూ ఇంటికి దూరంగా ఉన్నాను, ఇవన్నా ఆకలితో ఉండకూడదనుకున్నాను."

ఆమె పక్కన కూర్చుంది. ఆయన మళ్ళీ తనలో తాను అనుకున్నట్టు అన్నాడు.

"మీ అమ్మతో నేను ఉన్న రోజులకన్నా ఇవి ఉన్న రోజులే ఎక్కువ. ఆవిడ పొద్దున్న లేస్తే ఎలా ఉండేదో, ఏం గొణుక్కునేదో వీటికి తెలుసు. నాకు తెలీదు. అందుకే ఆ వేళ ముసలివాటిని బండి ఎక్కించనివ్వలేదు."

భార్య పోయినప్పుడు కూడా ఆయన ఏడవలేదు. ఇప్పుడు చొక్కా చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. ఆమె ఆయన వీపు మీద చెయ్యి వేసి కాసేపు ఉండి, లేచి ఐసు పెట్టె తెరిచింది. "లే నాన్నా. బతికున్నవాటికి టీకా వెయ్యాలి. నువ్వు పట్టుకో" అంది. ఆయన లేచాడు. ఆమె సూది వేస్తూ పోయింది, ఆయన పట్టుకుంటూ పోయాడు. 

పశువుల డాక్టరమ్మ వచ్చి చూసి, లోతుగా గొయ్యి తవ్వించి సున్నం వేసి పూడ్పించింది. టీకా ఒంటికి పట్టేదాకా ఎండుమేత తప్ప ఏమీ పెట్టొద్దంది. తర్వాత కూతురితో కలిసి వాలు మీద నడిచింది. గడ్డి మొదళ్ళు దెబ్బతిన్నాయనీ, రెండు వానాకాలాలు కొద్ది గొర్రెలతోనే సరిపెట్టుకుని మిగతా నేలని మూసి ఉంచితే తేరుకుంటుందనీ చెప్పింది. వాగు పక్క ముక్కలో కొత్తగా గింజలు చల్లమంది.

బేరగాడికి ఈసారి తండ్రే కబురు చేశాడు. ముసలివాటిని తనే ఒక్కొక్కటిగా పట్టుకొచ్చాడు. చెవి చినిగినదాన్ని ఎత్తి బండిలో పెట్టి, అది ఒరిగిపోకుండా ఎండుగడ్డి సర్ది, వెనక తలుపు తాడు తనే బిగించాడు. లోడు బిగించడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు. మలుపుల దగ్గర నెమ్మదిగా పోనివ్వు అని బేరగాడికి చెప్పాడు. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు. కూతురూ తినమని బతిమాలలేదు.

మిగిలిన పిడికెడు గొర్రెలతో ఇల్లు గడవదు. నేల తేరుకునేదాకా కూతురు పట్నంలో ఉన్ని షెడ్డులో పనికి కుదిరింది. పొడవాటి బల్ల మీద కుప్పపోసిన ఉన్నిలోంచి ముతకది, మెత్తనిది విడదీసే పని. ఉన్ని చమురుకి సాయంత్రానికి చేతులు మెత్తబడేవి. అది తప్ప అక్కడ ఆమెకి నచ్చిందేమీ లేదు. తండ్రి పనయ్యే వేళకి ఫోన్ చేసేవాడు. పొట్టేలుని మందలోకి ఎప్పుడు వదలాలి అని అడిగేవాడు. పిల్లలు పుట్టే వేళకి గడ్డి పైకి రావాలి నాన్నా, అక్కణ్ణించి అయిదు నెలలు వెనక్కి లెక్క చూసుకో అని చెప్పేది. ఆయన ప్రతి మాటా తిరిగి అప్పజెప్పేవాడు.

ఒక సాయంత్రం వేరే సంగతి అడిగాడు. ముక్క మార్చాలి, గడ్డి పిడికిలికి దిగింది, కానీ తను పిలిస్తే మంద కదలడం లేదు.

"మీ అమ్మ ఎలా పిలిచేది?"

షెడ్డు ముందు వీధిలో మనుషులు ఇళ్ళకి పోతున్నారు. ఆమె గోడవైపు తిరిగి, నాలుక అంగిట్లో కొట్టి, చివర గొంతు సాగదీసి పిలిచింది. అది మాటల్లో పెట్టలేని పిలుపు. సైకిల్ మీద పోతున్నతను ఆగి చూశాడు. ఆయన ఫోన్‌ని మందవైపు పట్టుకున్నట్టున్నాడు. అటునుంచి ముందు ఒక్క గొర్రె అరిచింది. తర్వాత ఇంకొన్ని అరిచాయి, గిట్టల చప్పుడు దగ్గరకొచ్చింది.

"వచ్చాయా నాన్నా?"

 గొర్రెలు అరుస్తూనే ఉన్నాయి, వెతుకుతున్నట్టు.

"వచ్చాయి. ఆవిడే అనుకుని అటూ ఇటూ చూస్తున్నాయి" అన్నాడు. తర్వాత, "ఇంకోసారి పిలువమ్మా" అన్నాడు.

ఆమె పిలిచింది.