రిలీవ్ కాని గొంతు

పొద్దున తొమ్మిదింబావుకి ఆ కాలేజీలో మొదటి గంట కొడతారు. పిల్లలు ఆవులించుకుంటూ ఫిజిక్స్ గదిలోకి వచ్చి, బెంచీల మీది సుద్దపొడి తుడుచుకుని, నోట్సులు తెరుస్తారు. మాస్టారెవరూ రాకుండానే పాఠం మొదలైపోతుంది. పాత మాస్టారు మొన్న వేసవిలో రిటైరయ్యారు గానీ, ఆయన గొంతు మాత్రం ఇంకా రిలీవ్ కాలేదు. ముప్పయ్యేళ్ళ అలవాటు, ఎక్కడికి పోతుంది పాపం. ఇంట్లో మాస్టారు సైగలతో నెట్టుకొస్తున్నారు. ఇన్నాళ్ళకి తన మాట సాగుతోందని ఆయన భార్య తెగ మురిసిపోతోందట.

చిక్కల్లా కొత్తగా చేరిన లెక్చరరమ్మకి వచ్చింది. ఆమె ఆ మాస్టారి దగ్గరే చదువుకున్న పిల్ల. ఆరేళ్ళు ఇంటింటికీ తిరిగి ట్యూషన్లు చెప్పాక ఈ ఉద్యోగం దొరికింది. మిషను తొక్కి చదివించిన వాళ్ళమ్మ, బట్టలు కుట్టించుకోడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ ఆ కబురు చెప్పేసింది.

సోమవారం మొదటి క్లాసు. ఆమె ఒకటి మొదలుపెడితే మాస్టారి గొంతు ఇంకోటి చెబుతోంది. పిల్లలు బుద్ధిగా ఆయనది రాసుకున్నారు.

"కాస్త మెల్లిగా మాట్లాడండి మేడమ్, సారు చెప్పేది వినపడట్లేదు" అంది ముందు బెంచీ అమ్మాయి, ఎంతో మర్యాదగా.

ప్రిన్సిపాల్ మంచాయనే, కాకపోతే ఖరాఖండీ మనిషి. "చూడమ్మా, శుక్రవారం నేనొచ్చి పిల్లల నోట్సులు చూస్తాను. నువ్వు చెప్పిన ముక్క ఒక్కటైనా ఉంటే సరే. లేదంటే, ఉన్న గొంతు చాలదా, ఇంకో మనిషెందుకని కమిటీవాళ్ళు నన్ను నిలదీస్తారు" అన్నాడు.

మంగళ, బుధ, గురువారాలు అరిచి అరిచి ఆమె గొంతు బొంగురుపోయింది. సాయంత్రం అన్నం ముందు కూర్చుని కెలుకుతుంటే వాళ్ళమ్మ అడిగింది.

"కాస్త ఆపమని ఆయన్నే అడక్కపోయావా?"

"మాస్టారిని ఎవరూ ఏదీ అడగరమ్మా. ఆయన చెప్పేవారు, మేం రాసుకునేవాళ్ళం. అంతే."

"అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేను అడక్కుండానే పెట్టి నిన్ను చెడగొట్టాను. తిను ముందు."

శుక్రవారం ఆమె వేదిక ఎక్కలేదు. వెనక్కి వెళ్ళి ఖాళీగా ఉన్న ఆఖరి బెంచీలో కూర్చుంది.

"గాలి అడ్డు లేనిచో బరువుదైనా తేలికదైనా ఒకేసారి కింద పడును. అర్థమైందిగా?" అంది గొంతు.

"అర్థం కాలేదు మాస్టారూ" అంటూ ఆమె లేచి చేతులు కట్టుకుంది. "బరువైనదాన్ని భూమి ఎక్కువ బలంగా లాగుతుందని మీరే చెప్పారు. మరి అదే ముందు పడాలి కదా?"

పదేళ్ళుగా కడుపులో దాచుకున్న ప్రశ్న అది. జవాబు తర్వాత తనే వెతుక్కుంది గానీ, ఆయన్ని అడగలేకపోయానన్న వెలితి పోలేదు.

గొంతు ఆగిపోయింది. పాఠం మధ్యలో అది ఆగడం అదే మొదటిసారి. పిల్లలు పెన్నులు ఎత్తి పట్టుకుని చూస్తున్నారు.

చిన్న దగ్గు వినిపించింది. "అది నోట్సులో లేదమ్మా. నన్నెవరూ అడగలేదు. నీకు తెలిస్తే చెప్పు, నేనూ వింటాను."

ఆమె ముందుకెళ్ళి, ఖాళీ బెంచీ ఒకటి చూపించి ముందు బెంచీ అమ్మాయిని జరపమంది. అమ్మాయి సునాయాసంగా జరిపేసింది. నలుగురు కూర్చున్న బెంచీని జరపమంటే ఎంత తోసినా కదల్లేదు. అందరూ నవ్వారు.

"చూశారా? బరువైనదాన్ని భూమి ఎంత ఎక్కువ లాగుతుందో, కదలడానికి అది అంత ఎక్కువ మొరాయిస్తుంది. చెల్లుకు చెల్లు. అందుకే రెండూ ఒకేసారి పడతాయి."

ముందు బెంచీ అమ్మాయి కొత్త పేజీ తిప్పింది. ఆ పిల్లని చూసి మిగతావాళ్ళూ తిప్పారు.

ప్రిన్సిపాల్ వచ్చి ఒక్కొక్క నోట్సూ చూశాడు. అన్నిట్లోనూ "చెల్లుకు చెల్లు" ఉంది. చంకలోని హాజరు పట్టీ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇక హాజరు నువ్వే వేసుకో అమ్మా."

ఆమె ఒకటో నంబరు నుంచి పిలిచింది. నలభై రెండు దాకా అందరూ పలికారు. పట్టీ మూయబోతుంటే, ఇందాక తను లేచొచ్చిన ఆఖరి బెంచీ నుంచి ఒక ముసలి గొంతు భయభక్తులతో పలికింది.

"ప్రెజెంట్ మేడమ్."

ఆమెకి ఏడుపొచ్చేసింది. "కూర్చోండి మాస్టారూ" అని, నలభై మూడో గడి గీసి టిక్కు పెట్టింది.