కాఫీ నారు షెడ్డు ఎవరిది?

సోంబరు షెడ్డు మీద ఆఖరి రేకు బిగించి దిగాడో లేదో, ముత్యాలమ్మ నెత్తిన పశువుల గెత్తం తట్టతో చరచరా లోపలికి నడిచింది. తట్ట దించి, కాఫీ మొక్కలు నాటడానికి తెచ్చిన పాలిథిన్ సంచుల కట్ట మీద చతికిలబడి, "నానింక కదల్ను" అంది. అనేశాక ఆమెకు నవ్వాగలేదు.

అనంతగిరి వెనకున్న ఆ ఊళ్ళో, వరసైన పిల్ల తనంతట తాను కుర్రాడి ఇంట్లోకొచ్చి కూర్చుంటే పెళ్ళయిపోయినట్టే. కన్నతండ్రి కూడా చెయ్యిపట్టి లాగకూడదు. ముత్యాలమ్మ తండ్రి గాసి చూస్తే ఆదివారం సంతలో వేరేవాళ్ళకు మాటిచ్చేస్తానంటున్నాడు. సోంబరు చూస్తే మట్టి జల్లించుకుంటాడు, ఇసుక మోసుకుంటాడు, మనసులో మాట మాత్రం చెప్పడు. అన్న ఇంట్లో ఉండే మనిషికి సొంత కప్పంటూ పడింది ఇవాళే.

గాసి పరిగెత్తుకొచ్చాడు. ఊరంతా వానలో తడుస్తూ వెనకే వచ్చింది.

"ఏటే, ఇది ఇల్లేటి? పొయ్యేదీ?"

"రేపెట్టుకుంటాం."

షెడ్డు చూసిపోదామని వచ్చిన కాఫీ ఆఫీసరు కృష్ణమూర్తి గొడుగుతో సహా గుంపులో ఇరుక్కుపోయాడు. గాసి ఆయన్ని పట్టుకున్నాడు.

"బాబూ, ఈ షెడ్డు ఎవులిది?"

"రేకులు మేమిచ్చినవే కదా. గవర్నమెంటుది," అన్నాడాయన అలవాటుకొద్దీ.

"ఇన్నావా? సోంబరుది కాదు. నడు!"

"అయితే గుంట గవర్నమెంటుని పెళ్ళాడీసిందర్రా!" అంది ఒక ముసలమ్మ. ఊరు గొల్లుమంది. ముత్యాలమ్మ కూడా నవ్వింది గానీ కళ్ళు సోంబరు మీదే ఉన్నాయి. సోంబరు ఇప్పుడైనా నోరు విప్పకపోతే ఇంటికి పోవాల్సిందే.

సోంబరు నిచ్చెనెక్కాడు. అప్పుడే బిగించిన రేకు ఊడదీసి ఆఫీసరు ముందు పడేశాడు. ఇంకొకటి. మరొకటి. వాన ముత్యాలమ్మ నెత్తిమీదే పడింది.

"రేకులు తవఁరివి బాబూ, అట్టుకెళ్ళండి. గుంజలు నాను కొట్టుకొచ్చినాను. నేల మా అయ్యది. ఇల్లు నాది!"

"ఓరి నీ దుంపతెగ, గెత్తమంతా నానిపోతందిరా! నీదే, షెడ్డు నీదే, దిగు!" అని ఆఫీసరు గొడుగు ఊపుతూ అరిచాడు. ఆ మాట ఊరంతా విన్నది. గాసి కాసేపు గింజుకుని, ఇక చేసేదేమీ లేక, పెళ్ళి కల్లు తెమ్మని మనిషిని పంపాడు.

సోంబరు దిగలేదు. పైనుంచే ఊరందరికీ వినపడేలా, "నా ఇంట్లో కూకున్న గుంట నాది" అన్నాడు.

నిలువునా తడిసిన ముత్యాలమ్మ చెవిన ఒక్క ముక్క కూడా జారిపోలేదు. అయినా కింది నుంచి గొంతెత్తి అరిచింది.

"వాన సప్పుడుకి ఇనపళ్ళేదు. మళ్ళీ సెప్పు!"