సంత రోజు వచ్చిన రోగి

గొర్రెల బేరగాడు కెల్విన్ అసలు ధర ఎవరికీ ముందుగా చెప్పడు. నొప్పి విషయంలోనూ అంతే. ఆస్ట్రేలియాలో బుర్రానా అనే చిన్న ఊరి ఆసుపత్రిలో కొత్తగా పెట్టిన యంత్రం "నొప్పి ఎలా ఉంది?" అని అడిగితే, ఛాతీ పట్టుకునే "పర్వాలేదు" అన్నాడు. ఆ ఊళ్ళో ట్రాక్టర్ కింద కాలు నలిగినవాడూ అదే మాట అంటాడు.

యంత్రం సిడ్నీ రోగుల మాటల మీద తర్ఫీదు పొందింది. పచ్చదీపం వెలిగించి, ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోమంది.

కెల్విన్‌కి మంచి బేరం తగిలినంత తృప్తి కలిగింది. ఇప్పుడు బయల్దేరినా సంతలో గొర్రెల వేలం అందుతుంది. లేవబోయాడు.

"కూర్చో," అంది నర్సు మొయిరా. యంత్రం తీర్పు ఏదైనా ఓ మనిషి చూసి ఒప్పుకుంటేనే చెల్లుతుందని చట్టం. అక్కడ ఆ మనిషి ఆవిడే.

"అంత ఖరీదైన యంత్రం పొమ్మంటుంటే నువ్వెందుకు అడ్డం?"

"దానికి నీ సంగతి తెలీదు. గుండె పరీక్షకి నడు."

చట్టం ఎలా అమలవుతోందో చూడటానికి రాజధాని కాన్‌బెర్రా నుంచి వచ్చిన అధికారి ఇంగ్రిడ్ మూల కుర్చీలోంచి తలెత్తింది. "యంత్రాన్ని కాదంటే కారణం చెప్పాలండీ."

"ఇవాళ సంత."

"అది వైద్య కారణం కాదు కదా."

"ఈయన జన్మలో సంత మానలేదమ్మా, అలాంటివాడు ఇవాళ ఇక్కడికొచ్చాడు. పెళ్ళికి కూడా వేలం ముగిశాకే వచ్చాడు. నాకెలా తెలుసంటారా, పెళ్ళికూతుర్ని నేనే."

ఇంగ్రిడ్ ఫారం తిరగేసి, "ఇతర కారణాలు" కింద వేయమంది.

గుండె రక్తనాళం ఒకటి పూర్తిగా పూడుకుపోయిందని తేలింది. అడిలైడ్‌కి తీసుకెళ్ళే విమానం ఎక్కిస్తుంటే, కెల్విన్ మొయిరా చెయ్యి పట్టుకున్నాడు.

"గొర్రె ఎంత పలికిందో కనుక్కో."

చలికాలం వెళ్ళాక కొత్త నిబంధన వచ్చింది. ఆ జిల్లావాళ్ళు "పర్వాలేదు" అంటే తీవ్రమైన నొప్పిగా లెక్కించాలట. అది తెలియని కెల్విన్ వేలికి ముల్లు గుచ్చుకుని వచ్చాడు. ఒకసారి తక్కువ చెప్పి నష్టపోబోయిన మనిషి కదా, ఈసారి ధర పెంచాడు.

"ప్రాణం పోతోంది. భరించలేను," అన్నాడు యంత్రంతో.

ఎర్రదీపం వెలిగింది. మొయిరా దాన్ని ఆర్పేసి, కారణం దగ్గర "గోల పెడుతున్నాడు" అని రాసి, ముల్లు తీసే పట్టకారు తెచ్చింది.