చప్పుడు లేని మాటలు

కరోనా మొదటి ఏడు, వలస వచ్చిన తెలుగు నేతవాళ్ళుండే లింబాయత్ గల్లీల్లో మరమగ్గాలన్నీ, వాళ్ళ మాటలో సాంచాలన్నీ, ఒక్కసారి ఆగిపోయాయి. రాత్రింబవళ్ళు ఆ రొదకు అలవాటుపడ్డ మగ్గం కార్మికుడు రాజలింగం ఇంట్లో ఆ నిశ్శబ్దానికి ఎవరికీ నిద్ర పట్టలేదు. ఉన్నది ఒక్క గది. వంట, పడక, భార్య సారక్క సణుగుడు, కొడుకు ధీరజ్ ఆన్‌లైన్ పాఠాలు, అన్నీ అందులోనే. చూసేవాళ్ళకు ముచ్చటైన సంసారమే. ఆ గదిలో ఒకడికి ఊపిరాడటం లేదని ఎవరికి తెలుసు?

ధీరజ్ మనసు ఆడపిల్లల మీదికి పోదు. అతను మగవాడినే ప్రేమించగలడు. బడిలో ఉన్నప్పుడే ఈ సంగతి తెలిసినా, అదేదో రోగమనుకుని లోలోపలే కుమిలిపోయాడు. యూనివర్సిటీలో కేయూర్ పరిచయమయ్యాడు. అతనూ అలాంటివాడే. క్యాంటీన్ వెనక మెట్ల మీద తమలాంటివాళ్ళు మరికొందరు కలిసేవారు. అక్కడ ధీరజ్ మొదటిసారి నోరు విప్పాడు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ లేచిపోలేదు. లాక్‌డౌన్ వచ్చి ఆ మెట్లనూ దూరం చేసింది.

ఇక మిగిలింది ఫోనే. గుమ్మం దగ్గర కూర్చుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, పక్కవాళ్ళకు వినపడనంత చిన్నగా పెదాలు కదిపేవాడు. ఇంట్లో ఎవరికీ తెలియదని అతని ధీమా.

ఇంతలో సారక్క పెళ్ళి మాట ఎత్తింది. "మా తమ్ముడు బుచ్చిరాములు బిడ్డ ఉన్నది. గిప్పుడైతే పది మందిల అయిపోతది. రేపు మామ ఫోన్ జేస్తడు, సరే అను."

"సదువు కానియ్యమ్మా."

"పెండ్లయినంక సదువుకో, ఎవలొద్దన్నరు?"

ఆ సాయంత్రం ధీరజ్ కేయూర్‌తో హిందీలో పెదాలు కదిపాడు. "సరే అంటే ఆ పిల్ల బతుకు పాడవుతుంది. కాదంటే ఎందుకని అడుగుతారు. నాకు బతకాలని లేదు." తలెత్తి చూస్తే, చాప మీద కూర్చున్న తండ్రి తనవైపే చూస్తున్నాడు.

మర్నాడు మామ ఫోన్ వచ్చింది. ధీరజ్ ఎత్తి చెవికి పెట్టుకున్నాడు. రాజలింగం ఫోన్ లాక్కున్నాడు. "బుచ్చిరాములూ, ఈ సంబంధం వద్దు. నీ బిడ్డకు మంచి పిలగాన్ని జూడు." అని పెట్టేశాడు.

ధీరజ్ నిర్ఘాంతపోయాడు. "బాపూ, నీకెట్ల తెలుసు?"

"నా బతుకంత సాంచాల నడుమనే గడిసె బిడ్డా. ఆ చప్పుట్ల చెవులు పనిచెయ్యయి. పక్కోని పెదాలు జూసే మాట పట్టాలె. నువ్వు ఫోన్ల ఏమేం చెప్పుకున్నవో మొదటి సంది సూస్తనే ఉన్న. సిగ్గయింది, కోపమచ్చింది, నోరు రాలే. నిన్న బతకాలని లేదన్నవు జూడు, నా పానం పోయింది."

"అంటే ఏందది? ఏం జేసిండు వీడు?" అని సారక్క అరిచింది. ధీరజ్ తన సంగతి ఈసారి గొంతెత్తి చెప్పాడు. ఆమె గోడవైపు తిరిగిపోయింది. "నలుగుర్ల తలెట్ల ఎత్తుకోవాలె?" అని ఏడ్చింది. తలుపు బయట గల్లీలో ఇంకా లాక్‌డౌనే. ముగ్గురూ ఆ గదిలోనే ఉండాలి.

రాజలింగం కొడుకు పక్కన కూర్చుని భార్యతో అన్నాడు. "ఏమే, సాంచాలు నడిచేకాడ గొంతు లేకుంట మాట్లాడుడు మా పని. అన్ని ఆగి ఇంత నిమ్మళమున్న ఇంట్ల గూడ కన్నకొడుకు గట్లనే మాట్లాడవలసొచ్చిందంటే, తప్పు వానిది గాదు, మనది."