మంచం దిగక్కర్లేని రోజులు

అత్తగారి పక్కమీది దుప్పటిని ఉతికి పిండుతుంటే, ఆపరేషనైన వైపు చంక కింద సలిపింది. పేపరు చదువుకుంటున్న భర్త తలెత్తి, "నెమ్మదిగా చేసుకో, తొందరేముంది?" అన్నాడు. ప్రేమగానే అన్నాడు పాపం. రొమ్ములో కణితి ఉందని తేలినప్పటి నుంచి ఆమెతో అందరూ ప్రేమగానే ఉంటున్నారు. మంచంలోంచి అత్తగారు "నెమ్మదిగా వండమ్మా" అంటుంది. కొడుకు "నెమ్మదిగా ఇస్త్రీ చెయ్యమ్మా, కాలేజీకి ఇంకా టైముంది" అంటాడు. ఆఫీసులో పై అధికారి "మీ మొహంలో కళ ఎక్కడికీ పోలేదండీ" అని మెచ్చుకుని, పాత ఫైళ్ళన్నీ ఆమె బల్లమీదకి చేరవేశాడు. అవి కూడా నెమ్మదిగానే చూడమన్నాడు. మానెయ్యమన్న మహానుభావుడు మాత్రం ఒక్కడూ లేడు.

కణితి చిన్నది. ముందే దొరికింది, తీసేశారు. చంకలోకి పాకలేదు. రేడియేషనూ, ఏళ్ళ తరబడి మింగాల్సిన మాత్రలూ ఎలాగూ తప్పవు. కీమో సంగతే ఎటూ తేలలేదు. "మీ రిపోర్టులు చూస్తే దానివల్ల అదనంగా కలిగే మేలు చాలా తక్కువ. వద్దనుకున్నా తప్పులేదు, కావాలంటే ఇస్తాను. ఆలోచించుకుని రండి" అంది డాక్టరమ్మ.

ఆలోచించడం ఇంటిల్లిపాదీ మొదలుపెట్టారు, ఆమె తప్ప. "జుట్టంతా ఊడిపోతుందిట. నలుగురిలోకి ఎలా వెళ్తుంది?" అని అత్తగారు. "వదినకి ఓపిక లేకపోతే అమ్మని చూసేదెవరు?" అని ఫోనులో ఆడపడుచు. భర్త ఒక్కడే గట్టిగా తీసుకోమన్నాడు. "రేపు ఏదైనా అయితే, ఖర్చుకి వెనకాడానని జనం నన్నంటారు. ఆ నాలుగు నెలలూ వంటమనిషిని పెడదాం. అమ్మ పక్క నేను మారుస్తాను. నువ్వసలు మంచం దిగక్కర్లేదు."

మంచం దిగక్కర్లేదు! ఆ మాటకి ఆమె ఒళ్ళంతా వదులైపోయింది. ముసుగుతన్ని గోడవైపు తిరిగి పడుకోవడం, వంటింట్లో గిన్నెల చప్పుడవుతున్నా లేవాల్సిన పని లేకపోవడం, ఎవరో తెచ్చిచ్చిన కాఫీ వేడిగా తాగడం. వాంతులవుతాయన్నారు, నోరంతా పూస్తుందన్నారు. అవేవీ ఆమె చెవికెక్కలేదు. పెళ్ళైన ఇన్నేళ్ళలో జ్వరం వచ్చినా పొయ్యి దగ్గర నిలబడి వండిపెట్టిన మనిషికి వాంతులొక లెక్కా? సరేననేసింది. భర్త ఆ రోజే ఒక వంటమనిషిని మాట్లాడి పెట్టాడు.

తీరా ఆసుపత్రికి వెళ్తే భర్త ఫోను మాట్లాడుతూ వరండాలోనే ఉండిపోయాడు. "తీసుకుంటానంటున్నారు. తిరగబెడుతుందని భయమా?" అని అడిగింది డాక్టరమ్మ.

భయమేనండీ అనబోయింది. నోట్లోంచి మాత్రం "పడుకోవచ్చని" అనే మాట వచ్చింది.

డాక్టరమ్మ నవ్వలేదు. "దానికోసం అంత మందు ఒంట్లోకి ఎక్కించుకోవాలా, అమ్మా?" అంది.

ఆమెకు ముందు సిగ్గేసింది. తర్వాత ఏడుపొచ్చింది. ఆ వెనకాలే ఎన్నడూ ఎరగనంత కోపం వచ్చింది, ఇంట్లోవాళ్ళందరిమీదా, తనమీద కూడా. నాకు చేతకావడం లేదు, ఈ పని మీరు చెయ్యండి అని ఒక్కనాడూ నోరు తెరిచి అడగలేదు. అదడగడం కన్నా కీమో తీసుకోవడమే సులువనిపించింది! కళ్ళు తుడుచుకుని, "ఇంకోసారి మొత్తం చెప్పండి డాక్టరుగారూ. ఈసారి వింటాను" అంది. తీసుకుంటే ఏమిటో, మానేస్తే ఏమిటో ఆవిడ ఓపిగ్గా చెప్పింది. తిరగబెట్టే భయం ఎటూ పూర్తిగా పోదనీ చెప్పింది. ఆమె అడగాల్సినవన్నీ అడిగింది.

బయటికొచ్చి, "కీమో వద్దనుకున్నానండీ. మాత్రలూ రేడియేషనూ చాలు" అంది.

"హమ్మయ్య! నువ్వే వద్దన్నాక ఇక నన్నెవరూ అనరు" అన్నాడు భర్త. అతని కళ్ళు నిజంగానే చెమ్మగిల్లాయి. అంతలోనే మళ్ళీ ఫోను తీశాడు. "అయితే వంటమనిషికి రావద్దని చెప్పేస్తాను."

"ఆవిణ్ణి రేపే రమ్మనండి. అత్తయ్యగారి పక్క మీరన్నట్టే మీరు మార్చండి" అంది. "నేను వద్దన్నది కీమోని."